పెరటి గుమ్మం ముందు మూడు

దగ్గరికి జరగండి, ఇంకాస్త. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. ఒక ఇంట్లో నేల మీద వినైల్ షీటు పరిపించాలనుకున్నారు. పరిచే ముందు నేల చదును చేయాలి కదా, దానికి మేస్త్రీ వచ్చాడు. చక్రాల కుర్చీలో ఆ ఇంటి పెద్దావిడ కూర్చుని ఉంది. ఏడో ఏట చూపు పోయింది ఆవిడకు, నెల కిందట తుంటి విరిగింది. తమ్ముడు పనికి వెళ్ళిపోయాడు. తమ్ముడి భార్య, అంటే ఆవిడ మరదలు, వంటింట్లో ఉంది. వాళ్ళు మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టే చెబుతాను. నా మాట ఎక్కువ కలపను.

"అందుకే అంటున్నా పెద్దమ్మగారూ, ఇది నేల కాదు, ఆటలమ్మ పోసిన ఒళ్ళు. ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ బొడిపె."

"నవ్వు నాయనా, నవ్వు. ముందు ఆ ప్లాస్టిక్ ముక్కల సంగతి తేల్చు. నిన్నొచ్చి నేలకి పట్టీలు వేసి పోయావు, ఏదో దెబ్బ తగిలినట్టు. నాలాగే దానికీ ఎక్కడైనా విరిగిందా అని పొద్దున్నుంచీ ఒకటే ఆరాటం నాకు."

"చెమ్మ చూడ్డానికండీ అవి. నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజు వదిలేస్తే, నేలలో తడి ఉంటే ప్లాస్టిక్ లోపలి వైపు చెమట పడుతుంది. తడి నేల మీద షీటు అంటిస్తే ఆర్నెల్లకి పొంగి లేస్తుంది. తర్వాత తిట్లు తినేది నేను."

"పట్టిందా చెమట?"

"బొట్టు లేదు. మీ నాన్నగారు వేసిన గచ్చంట కదా? పాత చెయ్యి. ఇప్పుడెవరు పోస్తారండీ ఇట్లా? కానీ అంత మంచి చెయ్యి ఇన్ని బొడిపెలు ఎందుకు వదిలిందో నాకు అంతు పట్టట్లా. ఇదిగో, ఈ బద్ద చూడండి..."

"చూస్తున్నా."

"అయ్యో. తప్పైపోయిందండీ, అలవాటులో..."

"తప్పేముంది? నువ్వు చూడమన్నావు, నేను చూస్తున్నానన్నాను. ఇద్దరం మర్యాద పాటించాం. చెప్పు, బద్దకేమైంది?"

"ఆరడుగుల బద్ద ఇది. నేలకి ఆనించి పెడితే కింద సందు కనపడకూడదు. ఇక్కడేమో ఊయలూగుతోంది. షీటు మందం ఎంత? గోరంత. కింద ఇసుక రవ్వ ఉన్నా నాలుగు రోజుల్లో పైకి కక్కేస్తుంది."

"అయితే వినైల్ అంటే చాడీల మనిషన్నమాట. లోపలున్నదంతా పైకి చెప్పేస్తుంది."

"అంతేనండీ! అచ్చం అంతే. అందుకే మాకు కింద పనే ఎక్కువ. షీటు పరచడం ఒక పూట, నేల సిద్ధం చెయ్యడం మూడు రోజులు. బొడిపెలు గీకాలి, పగుళ్ళు పూడ్చాలి, లెవెలింగ్ పొడి కలిపి పొయ్యాలి, ఆరాక తుడవాలి, తుడిచింది మళ్ళీ తుడవాలి. నేను పరిచిన నేల మీద గోలీ పెడితే పెట్టిన చోట నిలబడుతుంది. ఈ చుట్టుపక్కల వీధుల్లో నేల అంటే నా పేరే చెబుతారండీ."

"పేరున్నవాడినే పిలవమన్నాను నేను. పేరున్నవాడు అబద్ధమాడడు."

"నేలకీ అబద్ధానికీ ఏం సంబంధమండీ?"

"చెబుతాను. నా ఎడం కాలి పక్కనే ఒక బొడిపె ఉంటుంది. దాని మీద వేలు పెట్టు. పెట్టావా? అంచు చుట్టూ తడుము."

"ఆ... సన్నగా పళ్ళున్నాయి. రంపానికి ఉన్నట్టు."

"సోడా సీసా మూత."

"మూతా?"

"మూతలో సిమెంటు కూరి, పచ్చి గచ్చు మీద బోర్లించి, గట్టిపడ్డాక మూత పీకేశాడు నాన్న. ఒక్కోటీ అట్లా పెట్టుకుంటూ పోయాడు. నూట నలభై పైన. జ్వరంలో నా చూపు పోయిన ఏడాది అది. అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పుతుంటే చూసి, 'దాని చెయ్యి వదులు, దాన్ని నడవనీ' అన్నాడు. అమ్మ ఏడ్చింది. నాన్న వెళ్ళి బజార్లో సీసా మూతలు ఏరుకొచ్చాడు."

"అంటే... ఇవి కావాలని పెట్టినవా?"

"మరి? మేస్త్రీవి, ఆ మాత్రం పోల్చుకోలేదా? వీటికో లెక్క ఉంది. ఒకటి తగిలితే, నడువు. పక్కపక్కన రెండు తగిలితే, తిరుగు. మూడు తగిలితే ఆగు, ముందు మెట్టో గోడో ఉంది. మంచం నుంచి స్నానాలగదికి, అక్కణ్ణుంచి వంటింటికి, మళ్ళీ నడవలోంచి పెరటి గుమ్మానికి. యాభై ఏళ్ళు నడిచాను నాయనా. ఇంట్లో చెప్పులు వేసుకోను. పండ్ల బుట్ట చంకలో పెట్టుకుని పరిగెత్తేదాన్ని. ఈ ఇంట్లో కళ్ళున్నవాళ్ళు గుద్దుకున్నారు గానీ నేను దేన్నీ గుద్దుకోలా."

"మూడంటే... ఆగడమా?"

"ఆగడమే. ఏంటా చప్పుడు, బద్ద పడేశావా?"

"ఏం లేదండీ. చెయ్యి జారింది."

"పెరటి గుమ్మం ముందు మూడున్నాయి. అవి దాటితే ఏడు మెట్లు, పట్టుకోడానికి కమ్మీ కూడా లేదు. మూడు తగలగానే ఆగి, ద్వారబంధం పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతాను. నెల కిందట పొద్దున్నే తడిబట్టల బకెట్ పట్టుకుని వెళ్ళాను. కాలికి ఒకటే తగిలింది. ఒకటంటే నడువు. నడిచాను."

"పెరటి గుమ్మం ముందా?"

"ఇంకెక్కడ?"

"ఏ రోజండీ అది?"

"నువ్వు కొలతలకి వచ్చి పోయావంటగా, నేను తమ్ముడితో పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు? దాని మర్నాడు."

"మర్నాడు."

"చిలకలా నా మాట నాకే అప్పజెబుతావేం?"

మరదలు వంటింట్లోంచి వచ్చింది.

"ఇంకా మొదలే పెట్టలేదా? వదినా, మేస్త్రీని పని చేసుకోనిస్తారా, మీ నాన్న సంగతులన్నీ చెప్పి పంపించేస్తారా? పదింపావయింది. పదకొండింటికి బండి."

"నువ్వేం కంగారు పడకు అమ్మాయ్. ఒప్పందం ప్రకారమే పోతున్నాం."

"నాకేం కంగారు? మీ సంచి సర్దేశాను. నాలుగు చీరలు చాలు, అక్కడ ఎక్కువ పెట్టుకోనివ్వరంట. మీ దువ్వెన పారేశాను, సగం పళ్ళు ఊడిపోయాయి. అయినా అక్కడ మీ తల ఎవరు చూస్తారు?"

"చూడరు. నేనూ వాళ్ళ తలలు చూడను. చెల్లుకు చెల్లు."

"ఎక్కడికండీ బండి?"

"హోముకి మేస్త్రీ. పెద్దవాళ్ళని చూసుకునే చోటు. ఈవిడ పడ్డారు. ఎందుకు పడ్డారు? కాలికి లెక్క తప్పింది. వయసు మీద పడితే అందరికీ తప్పుతుంది. ఒప్పుకుంటే ఏ గొడవా లేదు. ఒప్పుకోరు! 'నా కాలు తప్పదు, నేలే మారింది' అంటారు. నువ్వు చెప్పు, నేల మారుతుందా? రాత్రికి రాత్రి లేచి షికారు వెళ్ళొచ్చిందా?"

"నేను చెబుతా విను మేస్త్రీ. వీళ్ళు నన్ను పొమ్మన్నారు. నేను తమ్ముడితో అన్నాను, బయటి మనిషొకడు ఆ గుమ్మం ముందు లెక్కపెట్టి చెప్పాలి. మూడుంటే తప్పు నా కాలిది. నోరెత్తకుండా బండెక్కుతాను. మూడు లేకపోతే నేనీ ఇంట్లోనే ఉంటాను, నా దారి మీద షీటూ గీటూ పరవరు. తమ్ముడు నా చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాడు."

"మూడున్నాయని నేను చూసి చెప్పాను కదా!"

"చెప్పావు. చూసి చెప్పావో, చూడకుండా చెప్పావో నాకు కనపడదు కదమ్మా."

"అయితే మీరే దేక్కుంటూ వెళ్ళి తడుముకోండి."

"తుంటిలో మేకులు లేకపోతే ఆ పనే చేసేదాన్ని. నా కాలు నేలకి తాకి నెలయింది. ఈ కుర్చీ, ఆ మంచం. కుర్చీ ఆ నడవలో పట్టదు. వంగడానికి లేదు, దిగడానికి లేదు. మేస్త్రీ, నువ్వు వెళ్ళు నాయనా. వేళ్ళతో తడిమి చెప్పు. నీ మాటే ఆఖరు."

"నేనాండీ? అక్కడ... అక్కడ చీకటిగా ఉన్నట్టుంది."

"పట్టపగలు చీకటి నాకు గానీ నీకెందుకు?"

మేస్త్రీ నడవలోంచి పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. వెనకాలే మరదలు వెళ్ళింది.

"ఒకటే ఉందండీ అమ్మగారూ."

"మెల్లగా. ఆవిడకి చీమ నడిచినా వినపడుతుంది."

"ఒకటే ఉంది."

"సరే, ఒకటే ఉంది. లే ఇంక."

"మిగతా రెండూ నేనే కొట్టేశాను."

"ఊఁ."

"కొలతలకి వచ్చిన రోజు. ఎవరూ కొట్టమనలా నన్ను. గచ్చు ఎంత గట్టిదో తెలిస్తే గానీ ఉలి తేవాలో నేల గీకే గ్రైండరు తేవాలో తేలదు. అందుకని ఒక మూల చూసుకుని, రెండు కొట్టి చూశాను. ఒక్కో దెబ్బకి ఒక్కోటి ఎగిరిపోయింది. గుంట పడితే ఎవరి కాలైనా మడత పడుతుందని పుట్టీ పెట్టి నున్నగా రుద్ది మరీ వెళ్ళాను. బొడిపె కనపడితే నా చెయ్యి ఊరుకోదండీ. ఇరవై రెండేళ్ళ నుంచీ చేస్తున్న పని అది. అవి ఒక మనిషి కళ్ళని నాకెట్లా తెలుస్తుంది?"

"తెలీదు కదా. తెలీకుండా చేశావు. మరి ఏడుపెందుకు?"

"వెళ్ళి చెప్పేస్తానండీ. కాళ్ళ మీద పడతాను."

"పడు. విరిగిన దాని మీద పడకు, మేకులు కదుల్తాయి."

"అమ్మగారూ!"

"ఏమని చెబుతావు? 'అమ్మా, మీ తుంటి విరగ్గొట్టింది నేనే' అంటావా? అను. ఆవిడ మంచివారే, తిట్టరు. కథలా చెబుతారు. వచ్చిన ప్రతివాళ్ళకీ కూర్చోబెట్టి చెబుతారు, నేల మేస్త్రీ గుడ్డిదాని దారి చెరిపేసి పోయాడని. అతను పరిచిన నేల మీద గోలీలు నిలబడతాయంట గానీ మనుషులు నిలబడరంట అని నవ్వుకుంటారు. ఆ తర్వాత ఏ ఇంట్లోకి నీ ఉలిని రానిస్తారో చూద్దాం."

"మేస్త్రీ! ఎన్ని?"

"లెక్కపెడుతున్నాడు వదినా!"

"మూడు దాకా లెక్కపెట్టడానికి ఇంతసేపా? బళ్ళో వేశారా లేదా అతన్ని?"

"అమ్మగారూ, ఒక్క మాట వినండి. రెండూ మళ్ళీ పెట్టేస్తాను. సీసా మూత దొరక్కపోదు. సిమెంటు కలిపి బోర్లిస్తే రేపటికి బిగుస్తుంది. ఆవిడ నడిచే దారి వదిలేసి, చుట్టూ కోసి షీటు పరుస్తాను. అది నాకు చేతనవును. అతుకు కనపడదు. ఎవరు చూసినా కావాలని పెట్టిన అంచే అనుకుంటారు."

"నాకొద్దు."

"మీకొచ్చే నష్టమేంటండీ?"

"పదహారేళ్ళు మేస్త్రీ. ఈ ఇంట్లో నేను చెంచా జరిపితే ఆవిడకి తెలుస్తుంది. ఏ గదిలో ఉన్నానో, ఎంతసేపు నిలబడ్డానో, నిద్రపోయానో, ఏడ్చానో. 'అమ్మాయ్, పాలు పొంగుతున్నాయి.' 'అమ్మాయ్, ఎడం కాలు ఈడుస్తున్నావేం?' 'అమ్మాయ్, ఆ డబ్బా మూత తీసి పెట్టలేదు.' కళ్ళున్నవాళ్ళ నుంచి చాటుకి పోవచ్చు. ఆవిడ నుంచి ఎక్కడికి పోను? నాకొక నేల కావాలి. నున్నటిది. ఎవరి గుర్తులూ లేనిది."

"అందుకని..."

"అందుకని నువ్వు వెళ్ళి మూడని చెప్పు. ఒక్క మాట. నీ పేరు నీకుంటుంది, నా నేల నాకుంటుంది. ఆవిడకి అక్కడ పొద్దున్నే వేడినీళ్ళు కాచి ఇస్తారు."

"నాకు నోరు రాదండీ."

"ఉలి వచ్చింది కదా."

"మేస్త్రీ! గుసగుసలు వినపడుతున్నాయి. నేల మీదవి లెక్కపెట్టమంటే మా మరదలి తల మీద వెంట్రుకలు లెక్కపెడుతున్నావా ఏంటి?"

"వస్తున్నాడు వదినా! వెళ్ళు. వెళ్ళి చెప్పు."

మేస్త్రీ కుర్చీ దగ్గరికి తిరిగి వచ్చాడు.

"వచ్చావా. దగ్గరికి రా. అట్లా రొప్పుతున్నావేం? ఏడు మెట్లూ దిగి ఎక్కావా?"

"లేదండీ."

"సరే. చెప్పు."

"పెద్దమ్మగారూ..."

"చెప్పు నాయనా. ఏదైనా సరే. ఒకటా?"

"అది కాదండీ..."

"రెండా?"

"మూడండీ."

"మూడు."

"మూడు."

"వేళ్ళతో తడిమావా?"

"తడిమాను."

"అంచుకి పళ్ళున్నాయా?"

"ఉన్నాయి."

"మూడింటికీ?"

"మూడింటికీ అండీ."

"విన్నారా వదినా? నేను చెబితే నమ్మకపోయారు."

"విన్నానమ్మా. విన్నాను. ...అయితే కాలే. నా కాలే తప్పింది."

"నేనేమన్నాను మొదటి రోజు నుంచీ?"

"అన్నావు. నేనే మొండికేశాను. ఒక సంగతి చెప్పాలి నీకు. ఈ నెల రోజులూ మంచంలో పడుకుని, నువ్వే ఏదో చేశావనుకున్నాను. నువ్వు అన్నం పెడుతుంటే తింటూ కూడా అదే అనుకున్నాను. ఎంత పాపపు ఆలోచనో చూడు. నన్ను క్షమించమ్మా. ఏదీ, చెయ్యి ఇటియ్యి."

"చేతికి పిండి ఉంది."

"పోనీలే. కడుక్కున్నాక ఇద్దువు."

"బండికి టైమవుతోంది వదినా."

"మేస్త్రీ, ఇంకా ఇక్కడే కూర్చున్నావేం? మొదలుపెట్టు. ఎవరూ నడవని దారి దాచుకుని ఏం చేస్తారు? మంచం దగ్గర్నుంచి గీక్కుంటూ రా."

"బండి వెళ్ళాక చేస్తానండీ."

"వద్దు. నేనుండగానే. పెట్టేటప్పుడు ఒక్కోటీ టక్కున చప్పుడయ్యేది. నాన్న వెనకాలే కూర్చుని విన్నాను. తీసేటప్పుడు కూడా నేనే వినాలి."

"పెద్దమ్మగారూ, నా వల్ల కాదండీ ఇప్పుడు..."

"ఏం, బొడిపె కనపడితే నీ చెయ్యి ఊరుకోదంటగా మేస్త్రీ?"

"అమ్మాయ్, అతన్నెందుకు అంటావు? మెత్తటి మనిషిలా ఉన్నాడు. ఇట్రా నాయనా. ముందు నా మంచి కాలు పట్టుకుని, పక్కనున్న ఆ బొడిపె మీద పెట్టు. మెల్లగా. ఆ... అదీ. ఇది 'నడువు'. చూశావా, కాలికి తెలుస్తూనే ఉంది. అరికాలికి తగలగానే తెలిసింది. ఇంత బాగా తెలిసే కాలికి ఆ రోజెందుకు తెలియలేదో."

"కాలు మళ్ళీ పైన పెట్టెయ్యనా అండీ?"

"నీ చెయ్యి తడిగా ఉందేం?"

"చెమటండీ."

"పాపం. సరే, చాలు. పెట్టు గ్రైండరు."

గ్రైండరు తిరిగింది. దాని మోతను మించి ఆవిడ అరిచి చెబుతూనే ఉంది.

"అది ఒకటి! ...అదింకోటి! ...మలుపు వచ్చింది మేస్త్రీ, రెండుంటాయి, చూసుకో! ...ఆ, పోయాయా? ...ఇప్పుడు స్నానాలగది ముందు మూడు! అందులో నడిమిది కొంచెం పక్కకి జరిగి ఉంటుంది! నాన్నకి దగ్గొచ్చింది అప్పుడు!"

"అవునండీ, జరిగే ఉంది!"

"చూశావా! నేను చెప్పలా! తియ్యి, తియ్యి!"

"పెద్దమ్మగారూ, నేనొకటి చెప్పాలండీ మీకు..."

మరదలు మధ్యలో అడ్డుపడింది.

"గ్రైండరు ఆపకు మేస్త్రీ! పదకొండున్నరకి కరెంటు పోతుంది మాకు!"

"ఏమన్నావు నాయనా? వినపడలా!"

"ఏం లేదండీ! దుమ్ము మీ కళ్ళల్లో పడుతుందేమోనని!"

"నా కళ్ళల్లోనా? పడనీ!"

వీధిలో హారన్ మోగింది. గ్రైండరు ఆగింది.

"బండి వచ్చేసింది. పక్కకి జరుగు మేస్త్రీ, కుర్చీ తిప్పాలి. వదినా, తల ఇటు తిప్పండి. ఒళ్ళంతా పిండిమరలోంచి వచ్చినట్టున్నారు, వాళ్ళేమనుకుంటారు?"

"మా నాన్న గచ్చే కదమ్మా, మీదుంటే ఉండనీ. అక్కడ ఎటూ స్నానం చేయిస్తారు."

"చెయ్యి వదలండి. ద్వారబంధం ఎందుకు పట్టుకున్నారు?"

"అలవాటు. మేస్త్రీ, ఉన్నావా?"

"ఉన్నానండీ."

"నీకు నాలుగిళ్ళు తెలుసు. నాలాంటి పిల్ల ఏ ఇంట్లోనైనా కనపడితే, వాళ్ళ నేల మీద ఇట్లా పెట్టివ్వు. పద్ధతి నేర్పాను కదా. ఒకటంటే?"

"నడువు."

"రెండంటే?"

"తిరుగు."

"మూడు?"

"...ఆగు."

"ఆఁ. మంచివాడివి. వస్తాను అమ్మాయ్. తమ్ముడికి చెప్పు, మాట మీదే ఉన్నానని."

"చెబుతాలెండి."

బండి వెళ్ళిపోయింది. మరదలు వీధి తలుపు వేసి వచ్చింది.

"అట్లా గోడకి ఆనుకుని కూర్చుంటే పనెప్పుడవుతుంది? పెరటి గుమ్మం ముందుది ఒకటి మిగిలింది. దాన్నీ తీసెయ్."

"ఒకటి అడగనా అమ్మగారూ?"

"అడుగు."

"ఆ రెండూ నేనే కొట్టానని చెప్పినప్పుడు మీరు ఉలిక్కిపడలా."

"ఉలిక్కిపడాలా?"

"ఎవరైనా పడతారండీ. 'ఎందుకు కొట్టావయ్యా' అనైనా అంటారు. మీరు ఊఁ అన్నారు, అంతే. నేనేమో, పాపం ఇంటిపనుల్లో పడి మీరెప్పుడూ అటు చూసి ఉండరు, చూడకుండానే మూడని చెప్పేశారు అనుకుంటున్నా."

"చూడకుండా ఎందుకు చెబుతాను? నువ్వు ఉలి పెట్టి కొడుతుంటే చూస్తూనే ఉన్నాను. వంటింటి కిటికీ నడవలోకే కదా తెరుచుకునేది. రెండూ ఎగిరి గోడకి తగిలాయి. పుట్టీ పెట్టావు, రుద్దావు, ఊదావు, తుడిచి వెళ్ళావు. పని శుభ్రంగా చేస్తావు నువ్వు."

"మరి... ఆవిడకి చెప్పలేదేమండీ?"

"చెబుదామనే అనుకున్నాను. మర్నాడు పొద్దున కూడా ఆ కిటికీ దగ్గరే ఉన్నాను, ఆవిడ బకెట్ పట్టుకుని అటు నడుస్తుంటే. 'అమ్మాయ్, కిటికీ దగ్గర నువ్వేనా?' అని అడిగారు కూడా. నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను."

ఇదీ జరిగింది. మనసులో పెట్టుకోండి, ఇంకొకరికి చెప్పండి. చెప్పేటప్పుడు ఆ చివరి మాట మాత్రం మింగెయ్యకండి.